డంబెల్స్ ఎత్తకండి, ఎంచుకోండి!

డంబెల్స్ ఎత్తితే ఆరోగ్యం వస్తుందన్నది గిట్టనివాళ్ళెవరో పుట్టించిన పుకారు. ఎత్తితే ఏమొస్తుంది? నడుం పడుతుంది. జారి కాలి మీద పడితే బొటనవేలి గోరు ఊడుతుంది. అసలైన ఆరోగ్యం, ఆయుష్షు, మనశ్శాంతి డంబెల్స్‌ని ఎంచుకోవడంలో ఉన్నాయి. ఊరికే గాలికబుర్లు చెప్పడం లేదు నేను. మా పల్లెలో ఒక మహానుభావుడు ఒక శరదృతువు, ఒక నిండు చలికాలం దీక్షగా ఎంచుకున్నాడు. ఈ మధ్యలో ఆయనకి జలుబు కూడా చేయలేదు!

అవి మళ్ళీ మామూలు డంబెల్స్ కావు. బరువు మార్చుకునే డంబెల్స్. పాతకాలంలో రెండు కిలోలకొక జత, ఐదు కిలోలకొక జత, పదికొక జత అంటూ ఇల్లంతా ఇనప గుండ్లు దొర్లేవి. చీకట్లో మంచినీళ్ళకి లేచినవాడు వాటికి తన్నుకుని బోర్లా పడేవాడు. ఇప్పుడో? ఒక్క జత కొంటే పదిహేను జతలు అందులోనే సర్దుకుని కూర్చుంటాయి. మీట కాస్త తిప్పితే రెండు కిలోలు, ఇంకాస్త తిప్పితే ఇరవై! పదిహేను జతలు కొనే శ్రమ తప్పింది. ఆ మిగిలిన శ్రమంతా ఆ ఒక్క జతని ఎంచుకోవడం మీద పెట్టొచ్చు. ఇంతకు మించిన ప్రగతి ఏముంది?

మన మహానుభావుడి పేరు వెస్సెల్ లామర్‌డింక్. యాభై రెండేళ్ళవాడు. కాలవల్లో నీటిమట్టం చూసే ఆఫీసులో ఉద్యోగం. అలాగని కాలవగట్టుకి వెళ్ళి తొంగి చూడక్కర్లేదు, మట్టమంతా కంప్యూటర్లోనే కనిపిస్తుంది. మనిషి మంచివాడు, మాట ఇస్తే తప్పడు, సాయంత్రం ఆరింటికి భోజనం పెట్టకపోతే మాత్రం కాస్త దిగులుపడతాడు. దేవుడు ఆయనకి చేతులిచ్చింది చొక్కా చేతులు ఖాళీగా వేలాడకుండా ఉండటానికే. వాటితో ఆయన ఎత్తిన అతిపెద్ద బరువు పిల్లి. అది కూడా విలెమీన్, అంటే ఆయన భార్య, అవతలి పక్క పట్టుకుంటేనే.

అలాంటి మనిషికి డంబెల్స్ యావ ఎందుకు పట్టుకుంది? కండలు పెంచి సముద్రపొడ్డున తిరుగుదామనా? ఛ, ఛ. ఆచారం కోసం.

మా అఖ్తర్‌హూక్ పల్లెల్లో బంధువుల్ని దేవుడిస్తాడు, పొరుగువాణ్ణి ఆచారం అంటగడుతుంది. మీ ఇంటికి కుడిపక్కనున్న ఇల్లు మీకు తొలి పొరుగు. వాళ్ళ ముఖం మీకు నచ్చిందా లేదా అని ఎవరూ అడగరు. మీ ఇంట్లో బిడ్డ పుడితే మొదటి కబురు వాళ్ళకే. పెళ్ళయితే గుమ్మానికి పచ్చకొమ్మల తోరణం కట్టేది వాళ్ళే. మనిషి పోతే ఇల్లిల్లూ తిరిగి చెప్పేదీ, శవపెట్టె పట్టుకుని మోసేదీ వాళ్ళే. డబ్బు పారేస్తే మోయడానికి మనుషులు దొరుకుతారనుకోండి. పట్నంలో అలాగే చేస్తారట. మా దగ్గర ఒక కుటుంబం అలా చేసింది. వాళ్ళు ఊరు వదిలి వెళ్ళి ఒక తరం దాటినా ఆ సంగతి ఇప్పటికీ చెప్పుకుంటాం.

డెర్క్ ఓంక్‌కి తొలి పొరుగు మన వెస్సెల్. డెర్క్ ఒకప్పటి పాడిరైతు. డెబ్భై ఎనిమిదేళ్ళు, నూట ఇరవై కిలోలు. ఆయన గుమ్మంలో నిలబడితే వెనక దీపం వెలుగుతోందో లేదో బయటివాళ్ళకి తెలిసేది కాదు. నవ్వితే కొట్టంలో కోళ్ళు లేచేవి.

బంగాళాదుంపలు తవ్వే రోజుల్లో ఒకనాడు డెర్క్ కంచె మీద మోచేతులు ఆనించి పిలిచాడు.

"ఏరా వెస్సెల్, నేను పోయినప్పుడు ముందు కుడివైపు పిడి నీదేనన్న సంగతి గుర్తుందా?"

"ఇప్పుడెందుకు మామా ఆ మాటలు? రాయిలా ఉన్నావు."

"రాయిలా ఉన్నాననేరా నా భయం! నూట ఇరవై కిలోలు నేను. పైగా మీ బెర్తా అత్త బరువైన ఓక్ చెక్క పెట్టె అంటోంది. ఆ పుల్లచేతులతో ఏం మోస్తావురా నువ్వు? ముసలి గార్ట్‌ని మోసేటప్పుడు ఏమైందో విన్నావుగా? వంతెన మీద ఒకడి చెయ్యి జారింది. గార్ట్ పెట్టెతో సహా కాలవలో పడ్డాడు పాపం. బతికున్నన్నాళ్ళూ ఆయనకి ఈత రాదు."

డెర్క్ నవ్వాడు, కోళ్ళు లేచాయి. వెస్సెల్ మాత్రం నవ్వలేదు. ఇంటికొచ్చి లెక్క కట్టాడు. మనిషి నూట ఇరవై, ఓక్ పెట్టె అరవై. ఆరుగురు మోస్తే తలకి ముప్పై కిలోలు. ఊరంతా చూస్తుండగా డెర్క్ మామని వంతెన మీద జారవిడిస్తే? ఆ తర్వాత రొట్టె కొనడానికి ఏ ముఖం పెట్టుకుని బజారుకి వెళ్ళాలి? ముప్పై కిలోలు పట్టి నడవగల చెయ్యి కావాలి. ఎంత కష్టమైనా సంపాదించాల్సిందే!

ఇక్కడిదాకా ఎవరైనా చేసేదే. ఇక్కణ్ణుంచే ఆయన గొప్పతనం మొదలవుతుంది.

"కొట్టంలో దుంపల బస్తాలున్నాయి," అంది విలెమీన్. "రోజూ అటుది ఇటు పెట్టు. నాకూ ఊడ్చుకోవడానికి చోటు దొరుకుతుంది."

"బస్తాకి పిడి ఉంటుందా విలెమీన్? బరువు కొంచెం కొంచెంగా పెంచుకోవడం కుదురుతుందా?"

"ఎందుకు కుదరదయ్యా? సగం బస్తాతో మొదలుపెట్టు. రోజుకో దుంప వెయ్యి."

వెస్సెల్ ఆమె వైపు జాలిగా చూశాడు. ఆడవాళ్ళకి టెక్నాలజీ ఎప్పుడు అర్థమవుతుంది?

కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కూర్చోవడమంటే మామూలు కూర్చోవడమా? తపస్సు! మీట తిప్పే రకం ఉంది, చక్కగా ఉంది. కానీ ఎత్తు నుంచి కింద పడేస్తే లోపలి పళ్ళచక్రం విరుగుతుందట. కింద పడేయకూడని డంబెల్ ఎందుకు? మర తిప్పి బిళ్ళలు బిగించే పాత రకం ఉంది, గట్టిది, తాతలనాటిది. కానీ బరువు మార్చడానికి తిప్పుతూ కూర్చుంటే ఒళ్ళు చల్లబడుతుందట. సూది గుచ్చి పెట్టే పెట్టె రకం ఉంది, దాంట్లో చెయ్యి పెడితే ఎలుకలబోనులో పెట్టినట్టుంటుందని హంబర్గ్ నుంచి ఒకాయన రాశాడు. ఆ ఎలుకలబోనులోనే తన జీవితం మారిపోయిందని గెంట్ నుంచి ఒకావిడ రాసింది. ఎవర్ని నమ్మాలి? ఇద్దరి పాత రివ్యూలూ తీసి చదివాడు. హంబర్గ్ ఆయన టోస్టర్‌ని కూడా తిట్టాడని తేలింది. అంటే స్వభావమే అలాంటిది. ఆయన మాట సగానికి కొట్టేశాడు. గెంట్ ఆవిడ ప్రతిదానికీ జీవితం మారిపోయిందనే రాసింది, దోమతెరకి కూడా. ఆవిడ మాట పూర్తిగా కొట్టేశాడు.

చూశారా, పాఠకులారా? బస్తా ఎత్తేవాడికి మనుషుల మీద ఈ పాటి అవగాహన వస్తుందా?

ఆ తర్వాత వీడియోలు. కండలు తిరిగినవాడొకడు అరగంటసేపు పిడి మందం గురించే మాట్లాడతాడు. అది చూశాక పిడి మందం గురించి కూడా ఆలోచించకుండా ఇన్నాళ్ళు ఎలా బతికామా అనిపిస్తుంది. వెస్సెల్ తన అరచెయ్యి కొలుచుకున్నాడు. అనుమానం వచ్చి మర్నాడు మళ్ళీ కొలుచుకున్నాడు. విలెమీన్ అరచెయ్యి కొలిచాడు. పిల్లి పారిపోయింది.

ఈలోగా గ్యారేజీ ఖాళీ చేశాడు. కిందపడినా చప్పుడు రాకుండా రబ్బరు చాప పరిచాడు. గోడకి నిలువెత్తు అద్దం బిగించాడు. చెమట తుడుచుకోవడానికి తువ్వాలు, తువ్వాలుకి కొక్కెం, చెమట పట్టకుండా ఫ్యాను. హోమ్ జిమ్ తయారైపోయింది. లోటు డంబెల్స్ ఒక్కటే!

పట్నంలో ఒక కొట్టుకి కూడా వెళ్ళాడు. అక్కడి అమ్మాయి రెండు రకాలు తెచ్చి ముందు పెట్టింది.

"ఒకసారి ఎత్తి చూడండి సార్, చేతికే తెలిసిపోతుంది."

వెస్సెల్ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "వద్దమ్మా. ఇప్పుడే ఎత్తితే ఒకదాని మీద అభిమానం పుడుతుంది. ఇంకా పరిశీలన పూర్తవలేదు."

ఆ అమ్మాయి ఆ మాటని మర్చిపోలేక కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతోందట.

ఇదంతా ఒక పక్క. రెండో పక్క గురువారాలు. గురువారం సాయంత్రం డెర్క్ వంటింట్లో పేకాట. పందెం ఏమీ ఉండదు, ఓడినవాడు కాఫీ కప్పులు కడగాలి అంతే. వెస్సెల్ తొమ్మిదేళ్ళ నుంచి ఆడుతున్నాడు, ఎక్కువగా కప్పులే కడిగాడు. కానీ ఎంపిక మొదలయ్యాక ఎలా కుదురుతుంది? ఒక గురువారం కొత్త మోడల్ విడుదల. ఒక గురువారం రెండు వారంటీలు పోల్చి చూడటం. ఇంకో గురువారం వాన. వాన పడుతుంటే చదువుకోవడానికి బాగుంటుంది కదా!

క్రిస్మస్ ముందు డెర్క్ కడుపులో ఏదో ఉందని ఆస్పత్రిలో చెప్పారు. ఊళ్ళోవాళ్ళం వంతులు వేసుకుని ఆయనింటికి వెళ్ళి కూర్చునేవాళ్ళం. విలెమీన్ బఠాణీ సూప్ కాచి పట్టుకెళ్ళేది. గిన్నె అలాగే నిండుగా తిరిగొచ్చేది.

"తినట్లేదయ్యా. రెండు గరిటెలు కూడా దిగట్లేదు. వెళ్ళి చూసి రా ఒకసారి," అంది.

"వెళ్తాను. ఈ ఒక్కటీ తేలనీ. పరిస్థితి ఇలా ఉందంటే నేనింకా తొందరపడాలి విలెమీన్!" అన్నాడు వెస్సెల్. తొందరపడి ఇంకో వీడియో పెట్టాడు. చూస్తూ చూస్తూ ఆ గిన్నెలో సూప్ తాగేశాడు. పారబోయడం మహాపాపం కదా.

అలాగని పెద్దాయన్ని పట్టించుకోలేదనడానికి వీల్లేదు. ఆఫీసుకి వెళ్తూ రోజూ హారన్ కొట్టేవాడు. ఎండ కాసిన రోజుల్లో డెర్క్ వాకిట్లో బెంచీ మీద కూర్చుని చెయ్యి ఊపేవాడు. గొర్రెబొచ్చు కోటు, చెవులు మూసే టోపీ, ఒళ్ళో దుప్పటి. కారులోంచి చూస్తే ఆ కోటు ఎప్పటిలాగే కొండంత ఉండేది. నూట ఇరవైకి తక్కువుండడు, ముప్పై కిలోల లెక్క ఖాయం అనుకుని వెస్సెల్ గేరు మార్చేవాడు.

మార్చి నెలలో ఒకనాడు కంచె అవతలినుంచి గొంతు వినిపించింది. కంచె గుబురుగా పెరిగింది, టోపీ ఒక్కటే కనిపిస్తోంది. గొంతు కాస్త సన్నబడింది, జలుబేమో అనుకున్నాడు.

"ఏరా, దొరికాయా?"

"రెండు మిగిలాయి మామా. మీట రకం, మర రకం. ఇక తేలిపోతుంది."

"అయితే నన్ను ఇంకొన్నాళ్ళు ఆగమంటావా?"

వెస్సెల్ నిజాయితీగా ఆలోచించాడు. "ఆర్డరు పెట్టాక ఇంటికి రావడానికి వారం పడుతుంది మామా. ఆ తర్వాత సాధన చెయ్యాలి కదా."

అవతలినుంచి నవ్వు, దాని వెంట దగ్గు.

"సరేలే. చూస్తాను, నా చేతిలో ఉంటే. గురువారం రారాదట్రా? పేకముక్కలు ఎత్తడానికి డంబెల్స్ అక్కర్లేదు."

"ఈ గురువారం కాదు మామా. వచ్చేవారం తప్పకుండా."

టోపీ ఊగింది, కదిలి వెళ్ళిపోయింది. కోళ్ళు లేవలేదు. వెస్సెల్ లోపలికొచ్చి మీట రకం గురించి చదవడం మొదలుపెట్టాడు.

వచ్చేవారం రానే వచ్చింది, గురువారం కూడా వచ్చింది. అదే రోజు మర రకం వాళ్ళు పిడి మీద గరుకు మార్చారు. మార్చితే మళ్ళీ మొదట్నుంచీ చూసుకోవద్దా?

ఏప్రిల్‌లో, ఆవుల్ని పచ్చికలోకి వదిలే వారంలో, పొద్దున్నే బెర్తా ఫోన్ చేసింది. ఆచారం ప్రకారం మొదటి కబురు వెస్సెల్‌కే. నిజం చెప్పాలంటే ఆ రోజు ఆయన ఏ లోటూ చేయలేదు. నల్లకోటు వేసుకుని ఇల్లిల్లూ తిరిగాడు, ప్రతి గుమ్మంలో టోపీ తీసి చెప్పాడు. "లోపలికొచ్చి ఒకసారి చూస్తావా నాయనా?" అని బెర్తా అడిగితే, "ఇంకా నాలుగిళ్ళు ఉన్నాయి అత్తా" అన్నాడు. తర్వాత పెట్టె మూసేశారు. తన ముఖాన్ని జనం వంగి వంగి చూడటం డెర్క్‌కి ఇష్టం లేదట.

మోసే రోజు వచ్చింది. మా ఇళ్ళల్లో శవాన్ని పెద్ద తలుపుల వైపు నుంచి తీసుకెళ్తాం, గడ్డిబండ్లు లోపలికొచ్చే తలుపులు అవి. పెట్టె పాత గడ్డిశాల మధ్యలో ఉంది. అటు ముగ్గురం, ఇటు ముగ్గురం. ముందు కుడివైపు వెస్సెల్, ఆయన వెనక ట్రాక్టర్లు బాగుచేసే ఆరెంట్, ఎడమ వరసలో చివర నేను. వెస్సెల్ ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది. డంబెల్స్ రాలేదు. ఆర్డరే పెట్టలేదు. కండ పెంచే వేళ దాటిపోయింది, ఇక మిగిలింది పట్టుదల ఒక్కటే. మామని జారవిడవకూడదు. చెయ్యి తెగినా సరే జారవిడవకూడదు.

కాళ్ళు ఎడంగా పెట్టాడు. మోకాళ్ళు వంచాడు, నడుం నిటారుగా ఉంచాడు. చూసిన వీడియోలన్నీ గుర్తు చేసుకున్నాడు. ఊపిరి బిగబట్టాడు.

"ఎత్తండి," అన్నాడు ఏర్పాట్లు చూసే మనిషి.

వెస్సెల్ ప్రాణమంతా పెట్టి ఎత్తాడు.

పెట్టె ఆయన మూల ఛాతీదాకా లేచిపోయింది! మిగతా ఐదు పిడులూ మోకాళ్ళ దగ్గరే ఉన్నాయి. పెట్టె ఒక పక్కకి ఒరిగింది. లోపల ఏదో పక్కకి జారిన చప్పుడు, మెల్లగా, చిన్నగా. ఆడవాళ్ళలో ఎవరో కెవ్వుమన్నారు. ఆరెంట్ మోకాలు అడ్డం పెట్టి ఆపాడు. ఆ మోకాలే లేకపోతే పెద్దాయన సొంత గడ్డిశాలలోనే నేల మీద పడేవాడు. కాలవదాకా వెళ్ళే పనే ఉండేది కాదు.

"నెమ్మదయ్యా!" పళ్ళ మధ్యనుంచి గొణిగాడు ఆరెంట్. "ఏమిటా ఊపు? యాభై కిలోలు కూడా లేడు మనిషి."

"ఎవరు?" అన్నాడు వెస్సెల్.

"ఎవరేంటి? డెర్క్! నీకు తెలీదా?"

మాకందరికీ తెలుసు. వంతు వచ్చినప్పుడల్లా ఆయన్ని దిండు మీదికి జరిపినవాళ్ళం. చివరి గురువారాల్లో ముక్కలు ఆయన చేతిలో పెట్టి, వేళ్ళు మూసినవాళ్ళం. అందుకే మేం ఐదుగురం అంత బరువుకి తగ్గట్టే ఎత్తాం. ఊళ్ళో నూట ఇరవై కిలోల డెర్క్‌ని ఎత్తింది వెస్సెల్ ఒక్కడే.

తర్వాత ఏ పొరపాటూ జరగలేదు. వంతెన దాటాం, మలుపు దాటాం. వెస్సెల్ చెయ్యి ఎక్కడా వణకలేదు. వణకడానికి అక్కడ బరువేముంది? విలెమీన్ అవతలి పక్క పట్టుకోకపోయినా మోయగలిగేంత. నడుస్తున్నంతసేపూ ఆయన పిడి వైపే చూశాడు. అప్పుడు కనిపించింది ఆ చెక్క ఓక్ కాదని.

ఆ సంగతి కాఫీల దగ్గర బెర్తాని అడిగాడు. ఎండుద్రాక్ష రొట్టె ముక్క చేతిలో పట్టుకుని, వెన్న కారుతున్నా చూసుకోకుండా అడిగాడు.

"నేను ఓక్ చెక్కే అన్నాను నాయనా," అంది బెర్తా. "ఆయనే ఒప్పుకోలేదు. తేలిక చెక్కతో చేయించవే, వాడికింకా డంబెల్స్ రాలేదు అన్నాడు. పోయే ముందు ఆదివారం కూడా అడిగాడు, వచ్చాయా అని. రాలేదంటే, పాపం వెతుక్కుంటున్నాడులే అన్నాడు."

వెస్సెల్ ఆ రొట్టె ముక్కని నోటిదాకా ఎత్తలేకపోయాడు. పళ్ళెంలో పెట్టేసి, అందరి ముందూ, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మా వైపు మగవాళ్ళు అలా ఏడవరు. ఆరెంట్ లేచి కాఫీ కప్పులు కడగడానికి వెళ్ళాడు.

కాబట్టి పాఠకులారా, మీకు నా సలహా ఒక్కటే. కంగారుపడి దేన్నీ ఎత్తకండి. ఎంచుకోండి! చదవాల్సిన రివ్యూలు ఇంకా బోలెడున్నాయి. కొత్త మోడల్ వచ్చే నెల రానే వస్తుంది. ఈలోగా పక్కింటి పెద్దాయన గురువారం రమ్మంటే, వచ్చేవారం చూద్దాం అనండి. ఆ వచ్చేవారం కూడా అదే అనండి. కొన్నాళ్ళు ఓపిక పట్టారంటే చాలు, మీరు మోయాల్సిన మనిషే తగ్గి తగ్గి మీ చేతికి సరిపడేంత తేలికైపోతాడు. మీట కూడా తిప్పక్కర్లేదు.